గడ్డిదూడ

మా గేదెకి ఇంజక్షన్ పొడిచి పాలు పిండుకునే ఖర్మ నాకు పట్టలేదని ఊరంతా చెప్పుకు తిరిగేదాన్ని. ఆగిరిపల్లి మండలంలో మామిడి తోటలున్న ఇళ్ళు కావలసినన్ని ఉన్నాయి. కానీ ఇంటి వెనక గేదెను కట్టుకుని, దూడ తాగాక మిగిలిన పాలే తాగే ఇల్లు మాదొక్కటే అనేదాన్ని. అందులో సగం నిజం, సగం గొప్ప. నా పేరు తులసమ్మ. పదో తరగతి దాకా చదివాను. నోరు పెద్దది. మా ఆయన సీతారామాంజనేయులు గారు నా మాటకి అడ్డు చెప్పడం మానేసి ముప్పై ఏళ్ళయింది. నేను పట్టిన కుందేటికి మూడే కాళ్ళు. ఇదంతా ముందే చెప్పేస్తున్నాను, తర్వాత జరిగినదాంట్లో తప్పెవరిదని ఎవరూ వెతుక్కోనక్కర్లేకుండా.

మా తోటలోని రేకుల షెడ్డులో గోపి, దుర్గ కాపురం ఉంటారు. గోపి చెట్లకి మందు కొట్టడం, నీళ్ళు పెట్టడం, కాపలా కాయడం చూసుకుంటాడు. దుర్గ తెల్లారకుండా మా ఇంటికొచ్చి కొట్టం ఊడ్చి పాలు పిండుతుంది. నోట్లో నాలుక లేని పిల్ల. పెళ్ళయి తొమ్మిదేళ్ళయినా కడుపు పండలేదు. గుళ్ళు అయ్యాయి, నాటుమందులు అయ్యాయి, చివరికి నేనే విజయవాడ తీసుకెళ్ళి డాక్టరమ్మకి చూపించాను. ఏడాది పాటు మందులు మింగింది. మొన్న డిసెంబరులో ఒక ఉదయం పాలచెంబు గట్టు మీద పెట్టి, "అమ్మగారూ, నెల తప్పిందండీ" అంది. పొయ్యి మీద పాలు పొంగుతున్నా చూసుకోకుండా దాన్ని పట్టుకుని ఏడ్చాను. ఆ బిడ్డ మీద దాని తల్లికి ఎంత ఆశ ఉందో నాకూ అంతే ఉంది, ఇది అబద్ధం కాదు.

ఫిబ్రవరి మొదట్లో, తోటలన్నీ పూత మీద ఉన్నప్పుడు, మా గేదె ఈసుకుపోయింది. ఎనిమిదో నెల చూడి. నిండక ముందే కడుపు పోయింది. దుర్గ కేక విని పరిగెత్తితే, గడ్డి మీద తడితడిగా దూడ. వెంట్రుక వచ్చింది, గిట్టలు వచ్చాయి, ఊపిరే రాలేదు. పెయ్యదూడ కూడాను. గేదె దాన్ని నాకుతూ నాకుతూ మా వైపు చూసింది.

గోపి ఫోన్ చేస్తే సౌజన్య స్కూటీ మీద వచ్చింది. ఊళ్ళో పశువుల సహాయకురాలిగా ఉద్యోగం చేసే పిల్ల. దాని నాయనమ్మ మా తోటలో రాలిన కాయలు ఏరేది. గ్లౌజులు తొడుక్కుని గేదె మెడ దగ్గర రక్తం తీసుకుని, ఒక ఫారం బయటికి తీసింది.

"అమ్మగారూ, ఇప్పుడు ఒక పెద్ద పరిశోధన జరుగుతోందండీ. మనుషుల డాక్టర్లూ పశువుల డాక్టర్లూ కలిసి చేస్తున్నారు. గేదెలు ఈసుకుపోయిన ఇళ్ళల్లో గేదె రక్తం, మనుషుల రక్తం రెండూ పరీక్ష చేస్తారు. ఇది అంటురోగం అయ్యుండొచ్చు. దూడనీ మాయనీ ఉత్త చేతుల్తో ముట్టుకోకండి. గొయ్యి లోతుగా తీయించి సున్నం పోసి పూడ్పించండి."

"సరేలేవే" అన్నాను. గుడ్డొచ్చి పిల్లని వెక్కిరించినట్టు ఉంది నాకు. నా చేతుల మీద పదిహేను గేదెలు ఈనాయి. ఉత్త చేతుల్తోనే దూడల్ని లాగాం, ఉత్త చేతుల్తోనే మాయ తీశాం, ఎవడు చచ్చాడు?

స్కూటీ మలుపు తిరిగిందో లేదో గోపిని పిలిచాను. "ఒరేయ్, పూడ్చకు. తోలు ఒలువు. గడ్డిదూడ చేద్దాం."

ఇప్పటి పిల్లలకి తెలియదు కాబట్టి చెబుతున్నాను. దూడ మూతి పెట్టి పొదుగు కుమ్మితేనే గేదె చేపుతుంది, అంటే పాలు కిందికి వదులుతుంది. దూడ చచ్చిపోతే ఆ తోలులో ఎండుగడ్డి కూరి, కుట్టి, నాలుగు కాళ్ళకీ కర్రలు పెట్టి గేదె ముందు నిలబెట్టేవాళ్ళు. దాని వాసన చూసి, దాన్ని నాకుతూ గేదె పాలు ఇచ్చేస్తుంది. ఇప్పుడెవరికీ అంత ఓపిక లేదు. పూటకో ఇంజక్షన్ పొడుస్తారు, పాలు దూకుతాయి. ఊరందరి ముందూ ఇంజక్షన్ పాలని వెక్కిరించిన నోరు నాది. ఆ నోటి కోసమే గడ్డిదూడ కావాల్సి వచ్చింది.

గోపి తోలు ఒలిచి ఇచ్చాడు. నా మోకాళ్ళు వంగవు, కుట్టడానికి దుర్గ కూర్చోవాలి. అది కొంచెంసేపు నిలబడి, "అమ్మగారూ, కడుపుతో ఉన్నదాన్ని కదండీ. చచ్చినదాన్ని ముట్టుకోకూడదంటారు" అంది.

"ఎవరే అన్నది? ఆ చాదస్తాలన్నీ మీ షెడ్డులో పెట్టుకో. సైన్సు చదువుకున్నదాన్ని చెబుతున్నా, ఏమీ కాదు, కూర్చో" అన్నాను.

సైన్సు వచ్చి చెబితే వినలేదు. చాదస్తం వచ్చి చెప్పినా వినలేదు. రెండిట్లో ఏది విన్నా ఇవాళ దుర్గ ఒళ్ళో బిడ్డ ఉండేదేమో.

అది గోనెపట్టా మీద కూర్చుని, పచ్చి తోలులో గడ్డి కూరి, దబ్బనంతో గంటన్నర కుట్టింది. మోచేతుల దాకా తడి. దబ్బనం ఒకసారి వేలికి గుచ్చుకుంటే పైటకొంగుతో అదుముకుని మళ్ళీ కుట్టింది. సాయంత్రం గేదె ముందు పెడితే గేదె వాసన చూసి, మొదట వెనక్కి తగ్గి, తర్వాత దాని వీపు నాకడం మొదలుపెట్టింది. అర చెంబు పాలు దిగాయి. "చూశావా!" అన్నాను. దుర్గ కళ్ళు తుడుచుకుంటూ, "పాపమండీ, నమ్మేసింది" అంది.

రెండు వారాల తర్వాత సౌజన్య వచ్చింది. నేను అరుగు మీద చింతపండు పిక్కలు తీస్తున్నాను. అది బండి దిగడమే మొహం మాడ్చుకుని దిగింది.

"అమ్మగారూ, రిపోర్టు వచ్చిందండీ. మీ గేదెకి బ్రూసెల్లా ఉంది. ఈసుకుపోవు రోగం. ఇది మనుషులకీ వస్తుందండీ. పాలు బాగా మరగకాచి తాగండి. గేదెని ఎవరికీ అమ్మకండి, ఆ ఇంటికీ అంటుతుంది. ఆ రోజు దూడనీ మాయనీ ఎవరెవరు ముట్టుకున్నారో చెప్పండి. రక్తం తీసుకుంటాను. డబ్బులేం అక్కర్లేదు, పరిశోధన వాళ్ళే పరీక్ష చేసి, ఉంటే మందులు కూడా ఇప్పిస్తారు. జ్వరం వచ్చేదాకా ఆగకూడదు. కడుపుతో ఉన్నవాళ్ళకైతే మరీ ప్రమాదమండీ, కడుపు పోతుంది. దుర్గక్క ఏమన్నా..."

చెప్పేస్తే అయిపోయేది. 'చెప్పావు, వినలేదే, తోలు ఒలిపించాను, దుర్గ చేత కుట్టించాను' అంటే సరిపోయేది. ఆ ఒక్క మాట ఎందుకు అనలేకపోయానో రోజూ ఆలోచిస్తూనే ఉన్నాను. మా తోటలో కాయలు ఏరినదాని మనవరాలు మా అరుగు మీద నిలబడి నన్ను తప్పు పట్టబోతోంది, నేను తల వంచుకోవాలి. కారణం వెతికితే ఇంతే దొరుకుతోంది. ఇంత చిన్న కారణం.

"ఎవరూ ముట్టుకోలేదు" అన్నాను. "నువ్వు చెప్పినట్టే సున్నం పోసి పూడ్పించాను."

"దుర్గక్క కూడా..."

"చెబుతుంటే వినపడదూ? దుర్గ ఆ దరిదాపులకే రాలేదు."

అది కొట్టం వైపు రెండడుగులు వేసింది. గడ్డిదూడ అక్కడే నిలబడి ఉంది. "గేదె ఇప్పుడే పడుకుంది, బెదరగొట్టకు" అని అడ్డం వెళ్ళాను. సౌజన్య ఆగిపోయింది. ఫారంలో నాలుగు చోట్ల 'లేదు' అని రాసి నా ముందు పెట్టింది. నేను సంతకం పెట్టాను. గుండ్రంగా, స్పష్టంగా, 'బి. తులసమ్మ' అని.

ఆ సాయంత్రమే గోపి చేత గడ్డిదూడని తోట చివర తగలబెట్టించాను. అంటే ఆ పిల్ల మాట నేను నమ్మానన్నమాటే కదా. నమ్మకపోతే ఎందుకు తగలబెట్టిస్తాను? నమ్మి కూడా చెప్పలేదు. గోపి ఎందుకని అడగలేదు. ఆ తర్వాత పది రోజులు రోజూ దుర్గ నుదురు ముట్టుకుని చూశాను. చల్లగానే ఉండేది. అమ్మయ్య అనుకున్నాను.

మార్చి మొదటి వారంలో, పిందె గోళీకాయంత ఉన్నప్పుడు, దుర్గకి జ్వరం వచ్చింది. పొద్దున బాగానే ఉండేది, సాయంత్రమయ్యేసరికి కాలిపోయేది, తెల్లారేసరికి చీర తడిసిపోయేంత చెమట. నడుం నొప్పి, కీళ్ళ నొప్పులు. నేనే ఆటోలో ఆగిరిపల్లి ఆర్‌ఎంపీ దగ్గరికి తీసుకెళ్ళాను. ఆయన రక్తం తీయించి, కాగితం చూసి, "టైఫాయిడ్ అండీ, పాయింట్లు ఎక్కువున్నాయి" అన్నాడు.

సిగ్గు లేకుండా చెబుతున్నాను, టైఫాయిడ్ అన్న మాట వినగానే నాకు ప్రాణం లేచొచ్చింది. మా వైపు ఎవరికి జ్వరం వచ్చినా టైఫాయిడే, ఎవరి కాగితం చూసినా పాయింట్లే. ఆ సంగతి నాకు తెలియనిదా? అయినా ఆ పేరుని రెండు చేతులా పట్టుకున్నాను. టైఫాయిడ్ అయితే నేను అబద్ధమాడినా పరవాలేదు.

ఐదు రోజులు ఇంజక్షన్లు, కిటికీ ఊచకి సెలైన్ సీసా. తగ్గింది. వారం బాగుంది. మళ్ళీ వచ్చింది. మళ్ళీ ఆర్‌ఎంపీ, "తిరగబెట్టిందండీ" అన్నాడు, మళ్ళీ ఇంజక్షన్లు. దుర్గ మెడ కింది ఎముకలు బయటపడ్డాయి. కడుపు మాత్రం ముందుకొస్తోంది. "లోపల తిరుగుతోందండీ, చెయ్యి పెట్టి చూడండి" అని నా చెయ్యి తీసుకుని తన పొట్ట మీద పెట్టుకుంది ఒక రోజు. కదిలింది. నా అరచేతి కింద కదిలింది! ఆ రోజు ఇంటికి వచ్చి ఫోన్ తీసి సౌజన్య నంబరు నొక్కాను. అటువైపు మోగుతుండగానే పెట్టేశాను. అది వెంటనే తిరిగి చేసింది. "ఏమన్నా పని ఉందా అమ్మగారూ?" అంటే, "పొరపాటున తగిలిందే" అన్నాను.

చెబితే, ఆ రోజు అబద్ధం చెప్పినట్టు తేలిపోతుంది. రోజు గడిచే కొద్దీ అది ఇంకా పెద్ద అబద్ధం అయిపోతోంది. మొదటి రోజు చెబితే మొండితనం అనేవాళ్ళు, ఇప్పుడు చెబితే ఏమంటారు? రేపు చెబుతాను, రేపు తగ్గకపోతే చెబుతాను అనుకుంటూ నెలన్నర గడిపాను. ఒక మనిషి ప్రాణం మీద కూర్చుని నా పరువు చూసుకున్నాను. మా ఆయనకి కూడా చెప్పలేదు.

ఏప్రిల్ ఆఖర్లో తోటలో కోత మొదలైంది. బంగినపల్లి కోస్తున్నారు. దుర్గకి ఆరో నెల. ఇంట్లో ఉండమంటే, "పడుకుంటే ఇంకా నొప్పులండీ" అని గోపికి అన్నం తీసుకుని వెళ్ళింది. పదకొండింటికి గోపి ఫోన్ చేసి ఏడుస్తున్నాడు. మాట అర్థం కాలేదు కానీ సంగతి అర్థమైంది. కాయల కోసం వచ్చిన ట్రాలీ ఆటోలోంచి ప్లాస్టిక్ ట్రేలు దింపేసి, దుర్గని అందులో గడ్డి మీద పడుకోబెట్టి నూజివీడు తీసుకెళ్ళాం. అక్కడ చెయ్యి వెయ్యకుండానే అంబులెన్సు ఎక్కించి విజయవాడ పెద్దాసుపత్రికి పంపేశారు. దారి పొడుగునా నా చెయ్యి పట్టుకుని, "బిడ్డ కదలట్లేదండీ, పొద్దుట్నుంచీ కదలట్లేదు" అంటూనే ఉంది. నేను "కదులుతుందే, నిద్రపోతుందేమో" అన్నాను. అబద్ధాలు ఆడటం నాకు బాగా అలవాటైపోయింది.

సాయంత్రం నాలుగింటికి చచ్చిన ఆడపిల్లని కన్నది. వేళ్ళన్నీ ఉన్నాయి. గోళ్ళు కూడా వస్తున్నాయి. నర్సు తెల్లగుడ్డలో చుట్టి గోపి చేతికిచ్చింది. వాడు దాన్ని ఎలా పట్టుకోవాలో తెలియక రెండు చేతులూ చాపి అలాగే నిలబడ్డాడు.

పెద్దాసుపత్రిలో చూసిన డాక్టరమ్మ పేరు యోగిత. చిన్న వయసు. దుర్గకి ఒళ్ళు తెలియని జ్వరంగా ఉంది, అందుకని మమ్మల్ని బయటికి పిలిచి అడిగింది. "రెండు నెలల నుంచి వచ్చి పోయే జ్వరం అంటున్నారు. ఇంట్లో పశువులు ఉన్నాయా? ఈ మధ్య ఏదన్నా ఈసుకుపోయిందా? ఈవిడ ముట్టుకుందా?"

గోపి నా వైపు చూశాడు. వాడు అప్పుడు కూడా నా వైపే చూశాడు!

"ముట్టుకుంది" అన్నాను. "నేనే ముట్టుకోమన్నాను. తోలులో గడ్డి కూరి కుట్టమన్నాను. గేదెకి బ్రూసెల్లా ఉందని మాకు ఫిబ్రవరిలోనే చెప్పారు."

ఆవిడ రాస్తున్న కలం ఆపేసింది. "ఫిబ్రవరిలోనా? మరి ఈవిడకి అప్పుడే ఎందుకు పరీక్ష చేయించలేదు?"

"దుర్గ ముట్టుకోలేదని నేనే చెప్పానండీ."

ఆవిడ నన్ను ఏమన్నా అంటుందని చూశాను. తిడితే బాగుండేది. కాగితం మీద పరీక్ష పేరు రాసి నర్సుకిచ్చింది. రెండు రోజుల్లో తేలింది. దుర్గకీ ఉంది, గోపికీ ఉంది. మందు కొట్టే ట్యాంకు మోయడం వల్ల నడుం నొప్పి అనుకుంటున్నాడు వాడు ఇన్నాళ్ళూ. ఆరు వారాలు మాత్రలు వాడాలి, నయమవుతుంది అన్నారు. నేను డాక్టరమ్మ గది బయట కాపు కాసి, ఒంటరిగా దొరికినప్పుడు అడిగాను. "అప్పుడే చెప్పి ఉంటే బిడ్డ బతికేదా అమ్మా?"

"గ్యారంటీ ఎవరూ ఇవ్వలేరండీ" అంది. "కానీ కడుపుతో ఉన్నవాళ్ళకి ఇవ్వగలిగే మందులు ఉన్నాయి. ముందే మొదలుపెడితే చాలామందికి నిలబడుతుంది."

చాలామందికి. ఆ మాట పట్టుకుని వరండాలో గోడకి చేరగిలబడి కూర్చున్నాను. చాలామందిలో మా దుర్గ ఉండేది. తప్పకుండా ఉండేది. దానికి తొమ్మిదేళ్ళ తర్వాత వచ్చిన కడుపు, దానికి కాకపోతే ఎవరికి నిలబడుతుంది?

ఐదో రోజుకి జ్వరం దిగింది. గోపి మందుల కోసం కిందికి వెళ్ళాడు. దుర్గ గోడ వైపు తిరిగి పడుకుని ఉంది. పాలు పడి రవిక తడిసింది. ఆ తడి చూడలేక దుప్పటి పైకి లాగాను.

"గేదె ఉసురండీ" అంది అటు తిరిగే. "పక్క మంచం ఆవిడ కూడా అదే అంది. దాని బిడ్డ చచ్చిపోతే గడ్డి పెట్టి మోసం చేశాను కదండీ. ఊరికే పోతుందా?"

ఇక ఆగలేకపోయాను. ఉసురూ లేదు, పాపమూ లేదు, ఆ పాపం నీది అసలే కాదు అన్నాను. ఆ తోలులో పురుగు ఉంది, అది నీ ఒంట్లోకి వచ్చింది, సౌజన్య పరీక్ష చేస్తానని గుమ్మం ముందుకి వచ్చింది, ఊరికే మందులు ఇప్పిస్తానంది, నేను దుర్గ ముట్టుకోలేదని చెప్పి పంపేశాను, సంతకం కూడా పెట్టాను, నీ బిడ్డని నేనే పొట్టన పెట్టుకున్నానే అని మంచం పట్టీ మీద తల పెట్టి మొత్తం చెప్పేశాను. వార్డులో అందరూ మా వైపు తిరిగారు. తిరగనీ అనుకున్నాను.

దుర్గ మెల్లగా ఇటు తిరిగింది.

"తెలుసండీ" అంది.

"ఏం తెలుసే?"

"ఆ రోజు సౌజన్య వచ్చినప్పుడు కొట్టంలో పేడ తీస్తున్నానండీ. మీ మాటలన్నీ వినపడ్డాయి. కడుపుతో ఉన్నవాళ్ళకి ప్రమాదం అంటోంది సౌజన్య. తట్ట కింద పెట్టి గుమ్మం దాకా వచ్చాను కూడా."

"మరి బయటికొచ్చి చెప్పాలి కదే! ముదనష్టపుదానా, నీ నోరు ఏమైంది?"

"మీరు లేదన్నారు కదండీ. మీరు లేదన్నాక నేనొచ్చి ఉందంటే, ఆ పిల్ల ముందు మీకు ఎంత తలవంపులు?"

"పోనీ జ్వరం వచ్చాకన్నా..."

"మా ఆయన అన్నాడండీ, వెళ్ళి సౌజన్యకి చెబుదామని. రెండుసార్లు అన్నాడు. నేనే వద్దన్నాను." దుర్గ పెదాలు తడుపుకుంది. "అంత ప్రమాదమే అయితే మా అమ్మగారే చెప్పేవారు, ఆవిడ ఊరుకోరు అన్నాను."

తిట్టవే అన్నాను. కొట్టవే అన్నాను. దాని చెయ్యి తీసుకుని నా చెంప మీద వేసుకున్నాను. ఆ చెయ్యి అలాగే ఉండిపోయింది, బరువు లేకుండా. కాసేపటికి ఆ చేత్తోనే నా మొహం మీద జుట్టు వెనక్కి తోసింది.

"ఏడవకండమ్మగారూ" అంది. "మీకు బీపీ ఉంది కదండీ."